గనిలో దీపము

గోదావరిఖనిలో తెల్లవారకమునుపే లేచి, మొదటి షిఫ్టునకు బోవు భర్తకు అన్నపు క్యారియరు కట్టియిచ్చిన ఇల్లాలు, మరల ఆతని అడుగులచప్పుడు వినువఱకు నిశ్చింతగా నుండజాలదు. భూగర్భమున ఆతనికి తోడుగా నుండునది నెత్తిమీది టోపీదీపము. ఆ దీపమును గూర్చియు, దాని పూర్వికులను గూర్చియు నేడు మన సోదరీమణులతో ముచ్చటింప దలచితిమి. యంత్రముల ముచ్చట పురుషులదని కొందఱనవచ్చును. ఇంటి యజమాని ప్రాణము దేనిమీద నాధారపడియున్నదో ఇల్లాలెఱుగకున్న మఱెవ్వరెఱుగవలయును?

మన తెలుగునాట 1871లో ఇల్లెందు ప్రాంతమున డాక్టరు విలియం కింగ్ బొగ్గు నిక్షేపములను కనుగొనెను. 1886లో గనుల హక్కులకై హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పుట్టెను. రామగుండము, గోదావరిఖని ప్రాంతములందు 1960ల ఆరంభమున త్రవ్వకములు సాగెను. నాటినుండి ఎన్ని వేల కుటుంబములో ఆ నల్లని రాతిమీద బ్రదుకుచున్నవి.

బొగ్గుపొరలయందు మీథేన్ అను వాయువు దాగియుండును. దానికి రంగులేదు, వాసనలేదు. గాలికంటె తేలిక గనుక గనికప్పు క్రింద చేరును. నూఱుపాళ్ల గాలిలో అది 5 మొదలు 15 పాళ్లవఱకు కలసినచో, ఒక్క నిప్పురవ్వ చాలును, గని అంతయు ప్రేలును. పూర్వము పనివారు మూతలేని దీపములతోనే దిగుచుండిరి. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో ఇట్టి ప్రేలుడువలన 92 మంది మరణించిరి. వారిలో చిన్నపిల్లలును ఉండిరి.

ఈ ఘోరమునకు ఉపాయము చూపుడని కొందఱు సర్ హంఫ్రీ డేవీ అను శాస్త్రజ్ఞుని వేడుకొనిరి. 1815లో ఆయన కనిపెట్టిన ఉపాయము మన వంటయింటి జల్లెడను బోలినది. దీపశిఖ చుట్టును సన్నని లోహపుతీగెల వల బిగించెను, అంతియే. గనివాయువు వలగుండ లోనికి పోయి అచట మండినను, ఆ మంట వెలికి రాజాలదు. ఏలయన, తీగెలు మంటలోని వేడిని లాగికొని నలువైపుల పంచివేయును. పొయ్యిమీది గిన్నెలో నుంచిన ఇనుపగరిటె వేడిని లాగికొని మన చేతికి చుఱుకు పెట్టుటలేదా? అట్లే ఇదియును. వలదాటు వాయువు అంటుకొనునంతటి వేడి మిగులదు. ఒక చదరపు అంగుళమునకు 784 రంధ్రములుండవలెనని లెక్క.

ఇక పేటెంటు సంగతి. క్రొత్త పరికరమును కనిపెట్టినవాని అనుమతిలేక ఇతరులు దానిని చేయుటకుగాని అమ్ముటకుగాని వీలులేకుండ ప్రభుత్వము కొంతకాలమిచ్చు హక్కునకు పేటెంటని పేరు. నేడు మనదేశమున ఆ గడువు 20 ఏండ్లు. అందుకు బదులుగా ఆతడు తన పరికరముయొక్క మర్మమును దాచక లోకమునకు వెల్లడింపవలయును. ఇది న్యాయమైన ఏర్పాటే. అయినను డేవీ తన దీపమునకు పేటెంటు కోరలేదు. కోరినయెడల ఏటేట వేలకొలది పౌనులు వచ్చునని మిత్రుడొకడు చెప్పినను ఆయన అంగీకరింపలేదు. గనికార్మికుల ప్రాణరక్షణమే ఆయనకు ముఖ్యము. అదే యేడు జార్జి స్టీఫెన్సన్ అను గనియంత్రపుపనివాడును వేఱొక రక్షణదీపమును చేసెను. పండితుడును పనివాడును ఒకే కష్టమునకు వేఱువేఱు దారుల మందు వెదకిరి.

దీపము వచ్చెను గదా, మరణములు తగ్గెనా? ఇచటనే సోదరీమణులు ఆలోచింపవలయును. వలదీపపు వెలుతురు మందము. చూపానక కొందఱు కార్మికులు దీపమును విప్పి పనిచేసిరి. కొందఱు యజమానులు దీపముండగా భయమేలయని, గాలిప్రసారము చక్కజేయకయే, వాయువు హెచ్చుగానున్న లోతుగనులలోనికి జనులను దింపిరి. అందుచేత ప్రేలుడులు ఆగలేదు. తరువాత దీపములకు తాళములు వేసిరి, గాలి పంకాలకు శాసనములు చేసిరి. మంచి పరికరము మంచి నియమముతో కూడినపుడే రక్ష యగును.

1914 ప్రాంతమున అమెరికాలో థామస్ ఎడిసన్ తన బ్యాటరీతో వెలుగు టోపీదీపమును సిద్ధపఱచెను. ఆయన తన కల్పనలకు పేటెంట్లు పొందినవాడు. అట్లు పేటెంటు కోరినవానివలనను, కోరనివానివలనను కార్మికునకు మేలే కలిగినది. నేటి టోపీదీపములు వానికి వారసులు. ఇక పాత జ్వాలాదీపము కాంతికై గాక పరీక్షకై నిలిచినది. వత్తిని తగ్గించి చూడగా, వాయువున్నచో మంటపై లేతనీలపు టోపి కానవచ్చును. ప్రాణవాయువు మిక్కిలి తగ్గినచో దీపమే ఆఱిపోవును. గనిలో వాయువు 1.25 పాళ్లను మించినచో విద్యుత్తు నిలుపవలెనని నియమము.

వెలుగునకేగాక చాకిరికిని పేటెంటు యంత్రములు వచ్చినవి. పండ్రెండవయేటనే గనిపనిలో చేరిన జోసెఫ్ జాయ్ అను అమెరికావాడు, రెండు చేతులతో ప్రోగుచేసినట్లు బొగ్గును లోనికి లాగికొను యంత్రమునకు 1919లో పేటెంటు పొందెను. మన సింగరేణిలో తట్టాచెమ్మస్ పట్టి బొగ్గెత్తినవారి నడుములు ఎట్టివో వారి భార్యలెఱుగుదురు. పిమ్మట మనగనులలోనికిని బొగ్గెత్తు యంత్రములు వచ్చెను. భారము తగ్గెను, ఉద్యోగములును తగ్గెను. 1990 ప్రాంతమున లక్షకు పైబడియున్న ఉద్యోగుల సంఖ్య నేడు 40,000 చుట్టుప్రక్కల నున్నది. యంత్రము ఒకచేత నిచ్చి మఱొకచేత తీసికొనును.

ఏ యంత్రమును సర్వరక్షకము కాదు. 2003 జూన్ నెలలో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది ప్రాణములు గోల్పోయిరి. దీపము వాయువును చెప్పును గాని, గోడవెనుక నిలిచిన నీటిని చెప్పజాలదు.

కావున మన సోదరీమణులకు రెండు మాటలు. గనికి బోవువారి జేబులలో అగ్గిపెట్టె, బీడీ యుండరాదు. ద్వారముకడ సోదా చేయుదురని గాక, లోపల తోడివారందఱి ప్రాణము దానిపై నున్నదని చెప్పుడు. టోపీదీపము మందముగా వెలిగినను, బ్యాటరీ త్వరగా తఱిగినను, రేపు చూచుకొందమని ఊరకుండక నాడే దీపపుగదిలో మార్పించుకొమ్మనుడు. ఇది భయపెట్టుట కాదు, ఇల్లు కాచుకొనుట.

1952 నాటి శాసనము స్త్రీలను గనిలోపలి పనికి దూరముంచెను. 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పదవులందు పగటివేళ పనిచేయుటకు వారికి అనుమతి లభించినది. ఇంటిలో దీపము పెట్టి ఎదురుచూచిన తల్లుల బిడ్డలు, రేపు ఆ దీపమునే చేతబట్టి గనిలో వాయువును పరీక్షింపగలరు. ఆ దీపపు కథ వారికి నేటినుండియే చెప్పవలయును.