ఏడాది పంట, నెలనెలా బాడుగ

అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలంలో ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థికి పై చదువంటే చాలాసార్లు ఊరు విడవడమే, ఎందుకంటే యాభై కిలోమీటర్లకు పైబడిన దూరంలోని అనంతపురానికి బస్సు పట్టుకొని రోజూ పోయి రావడం నాలుగేళ్ల కోర్సు పొడవునా సాగేది కాదు. వజ్రాలను మోసుకొచ్చే కింబర్లైటు శిలల వల్ల ఈ ప్రాంతానికి దేశమంతటా పేరున్నా, తొలకరి జల్లులు పడగానే చేలలో రాళ్లు వెదికేవారు ఎక్కడెక్కడినుంచో వస్తున్నా, ఇక్కడి ఇళ్లు నడిచేది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటుగా కురిసే వాన మీద, ఆ వానను నమ్ముకొని విత్తే వేరుశనగ మీద. పిల్లల వసతి సమస్య మొదలయ్యేది కూడా అక్కడే.

వేరుశనగ విత్తేది జూన్, జూలై నెలల్లో. విత్తనానికి, ఎరువుకు, సేద్యానికి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టాక, పంట చేతికొచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో, అదీ వాన కలిసివస్తేనే. కళాశాలల్లో ప్రవేశాలు సరిగ్గా ఈ రెంటికీ నడుమ, చేతిలో పైసా ఆడని రోజుల్లో జరుగుతాయి. గది ఖాళీచేసేటప్పుడు తిరిగి ఇచ్చే షరతు మీద యజమాని ముందుగా తీసుకొనే కొన్ని నెలల బాడుగ మొత్తాన్ని అడ్వాన్సు అంటారు. అది, మొదటి నెల బాడుగ, పుస్తకాలు, ఫీజు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. ఏడాదికి ఒకసారి, అదీ నమ్మకం లేకుండా వచ్చే రాబడితో నెలనెలా తప్పని ఖర్చును భరించవలసి రావడమే మెట్ట రైతు కుటుంబానికి అసలు కష్టం. బాడుగ ఎక్కువా తక్కువా అన్నది దాని తర్వాతి మాట. రాష్ట్ర ప్రభుత్వం 2020లో వసతి దీవెన పేరిట డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలను రెండు విడతలుగా తల్లుల ఖాతాల్లో వేసే పథకాన్ని తెచ్చినప్పుడు కూడా, యజమానులు అడిగే తేదీ, విడత పడే తేదీ ఒకటి కావు గనుక, ఆ నడిమి నెలలను చాలా ఇళ్లు అప్పుతోనే దాటవలసి ఉండేది.

అనంతపురం చదువుల ఊరుగా మారి వందేళ్లు దాటింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం బోధించిన నేటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల 1916లో దత్తమండలాల కళాశాలగా పుట్టింది. 1946లో ఆరంభమైన ఇంజనీరింగ్ కళాశాల 2008లో జేఎన్‌టీయూ అనంతపురంగా విశ్వవిద్యాలయ స్థాయిని అందుకొంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, కేంద్రీయ విశ్వవిద్యాలయం 2018లో ఏర్పడ్డాయి. జేఎన్‌టీయూ ఊరిలోనే ఉండగా, కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం పది కిలోమీటర్ల అవతల ఇటికలపల్లి దగ్గర ఉన్నందున, చేరిన సంస్థను బట్టి గది వెదకవలసిన దిక్కే మారిపోతుంది. దూరాన చౌకగా దొరికిన గది నెలాఖరుకు ఆటో ఛార్జీలతో కలిపి చూస్తే చౌక కాకపోవచ్చు. వెనుకటి తరంలో వారానికి ఏడు ఇళ్లు కుదుర్చుకొని, రోజుకొక ఇంట భోజనం చేసే వారాల పద్ధతిలో ఎందరో పేద విద్యార్థులు చదువు ముగించారు. ఆ తర్వాత సంక్షేమ వసతి గృహాలు వచ్చాయి. ఈనాటికీ, సీటు దొరికినవారికి, విశ్వవిద్యాలయ హాస్టలే మేలు: నెల మొత్తం వంట ఖర్చును తిన్నవారి మధ్య పంచే డివైడింగ్ మెస్సులో లాభం తీసుకొనే మూడో మనిషి ఉండడు.

హాస్టలు సీటు దొరకనివారు గదికి వెళ్లినప్పుడు గోడల రంగు కంటే ముందు నీళ్లు చూడాలి. బోరు ఉందా, వేసవిలో ఎండుతుందా, ట్యాంకు ఎన్ని గదులకు పంచుతారు, తాగే నీళ్ల క్యాను ఖర్చు ఎవరిది అన్నవి కరవు సీమలో పెరిగిన పిల్లలకు ఒకరు చెప్పవలసిన ప్రశ్నలు కావు గానీ, కొత్త ఊరి మొహమాటంలో అడగడం మానేస్తారు. నీళ్లు లేకపోవడమే కాదు, ఎక్కువైనా ప్రమాదమే: 2022 అక్టోబరులో అనంతపురంలోని నడిమివంక వాగు పొంగి రుద్రంపేట వైపు కాలనీలు మునిగాయి, కాబట్టి వంక ఒడ్డున కింది అంతస్తు గది చవకగా వస్తుందంటే కారణం కనుక్కోవాలి. చేరిన రోజే కరెంటు మీటరు అంకెను, గోడల పగుళ్లను, కుళాయిలను తేదీ పడేలా ఫోటో తీసి యజమానికి పంపితే, ఖాళీచేసేనాడు సున్నానికి, మరమ్మతులకు అంటూ అడ్వాన్సులో కోత పెట్టడం అంత తేలిక కాదు. అడ్వాన్సును ఫోన్‌పే ద్వారా ఇవ్వడమో, చేతికిస్తే సంతకంతో రసీదు తీసుకోవడమో తప్పనిసరి.

చట్టం అండ కొంత ఉంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇంటి అడ్వాన్సు రెండు నెలల బాడుగకు మించరాదంటుంది, అయితే రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకొంటేనే అది అమలవుతుంది. వేరే ఒప్పందం లేని నెలవారీ అద్దెలో ఖాళీ చేయించడానికి పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. బాడుగ మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించకుండా, కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారికి ప్రైవేటు హాస్టళ్లు ఇచ్చే వసతికి 2024లో జీఎస్టీ మినహాయించారు. కనుక ఆ పన్ను పేరుతో అదనం అడిగితే కారణం అడగవచ్చు.

ఏ రసీదూ తీర్చలేని కష్టం ఇంకొకటుంది. టు-లెట్ బోర్డు చూసి తలుపు తట్టిన పిల్లవాణ్ని పేరు తర్వాత ‘మీరేమోళ్లు?’ అని అడిగి, జవాబు విన్నాక గది నిన్ననే ఇచ్చేశామనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దళిత, ముస్లిం విద్యార్థులు ఊరి అంచుల గదులకు చేరడం వెనుక బాడుగ ఒక్కటే కారణం కాదు. ఇది అన్యాయం, దీన్ని ఆచారమని సరిపెట్టుకోకూడదు. విశ్వవిద్యాలయాలు ప్రవేశాల రోజుల్లోనే నమ్మదగిన గదుల జాబితాను విద్యార్థుల చేతికివ్వాలి. గదులున్న యజమానులు మెట్ట ఊళ్ల పిల్లలను కులం అడగకుండా చేర్చుకొని, అడ్వాన్సును వేరుశనగ అమ్మకాల దాకా విడతలుగా తీసుకోవాలి.