నెలసరి లెక్క - స్త్రీలు తెలుసుకోవలసిన సంగతులు

తాడేపల్లి మొదలుకొని గుంటూరు, ప్రకాశం మైదానాలలో మిరప కోతలు, పత్తితీత ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగానే సాగుతాయి. కూలికి పోయే స్త్రీకి నెలసరిలో రక్తస్రావం అధికమైతే, "పిల్లలు పుట్టారు గదా, ఇక గర్భసంచి ఎందుకు? తీయించుకుంటే పీడ వదులుతుంది" అనే సలహా ఇరుగుపొరుగు నుంచే వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి సుమారు 3 గురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. నెలసరి ఎలా జరుగుతుందో తెలిసిన స్త్రీ ఇటువంటి సలహాను వెంటనే అంగీకరించదు.

రక్తం కనిపించిన మొదటి రోజే లెక్కకు మొదటి రోజు. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ఆజ్ఞతో అండాశయంలో ఒక అండం పక్వమవుతుంది. ఆ సమయంలో వెలువడే ఈస్ట్రోజెన్ అనే హార్మోను గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. తర్వాత అండం విడుదలవుతుంది. అది ఒక్క రోజుకు మించి బ్రతకదు. అండం వెలువడిన చోట ప్రొజెస్టరాన్ అనే మరొక హార్మోను తయారై, పెరిగిన పొరను నిలకడగా ఉంచుతుంది. గర్భం రాకపోతే సుమారు 14 రోజులకు ఆ హార్మోను తగ్గిపోతుంది; ఆధారం లేని పొర విడిపోయి రక్తంతో బయటికి వస్తుంది. అదే బహిష్టు. కాబట్టి అది చెడురక్తం కాదు, రోగమూ కాదు.

ఒక్కొక్క నెల అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టరాన్ తయారు కాదు. పొర అదుపు లేకుండా పెరిగి, వేళతప్పి, అధికంగా స్రవిస్తుంది. రజస్వల అయిన తొలి సంవత్సరాలలోనూ, ముట్లుడిగే ముందు సంవత్సరాలలోనూ ఇది సాధారణం. థైరాయిడ్ లోపం, గర్భసంచిలో గడ్డలు కూడా కారణం కావచ్చు. వీటిలో చాలావాటికి మందులతోనే గుణం కనిపిస్తుంది. క్యాన్సర్ వంటి వ్యాధులలో ఆపరేషన్ తప్పనిసరి కావచ్చు. అయితే పరీక్షలు చేసి కారణం నిర్ధారించిన తర్వాతనే ఆ నిర్ణయానికి రావాలి. గర్భసంచితోపాటు అండాశయాలను కూడా తీసివేస్తే, చిన్న వయస్సులోనే ఈస్ట్రోజెన్ ఆగిపోయి ఎముకలు బలహీనపడతాయి.

ముస్లిం స్త్రీలకు ఈ రోజుల లెక్క కొత్తది కాదు. నమాజు, రోజాల కోసం వారు దానిని ఎప్పటి నుంచో పాటిస్తున్నారు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (ర) తనకు స్రావం ఎడతెగకుండా ఉన్నదని విన్నవించగా, అది బహిష్టు కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని, అలవాటైన రోజులు గడిచాక స్నానం చేసి నమాజు చేయమని దైవప్రవక్త (స) బోధించారు. ఈ రెండింటినే ధర్మశాస్త్ర పండితులు హైజ్, ఇస్తిహాజా అన్నారు. హనఫీ ఫిఖ్హ్‌లో హైజ్‌కు కనిష్ఠం 3 రోజులు, గరిష్ఠం 10 రోజులు. అయితే ఈ హద్దు ఆరాధనకు సంబంధించినది. వైద్యం విషయంలో 10 రోజుల దాకా ఆగనవసరం లేదు.

సాధారణంగా రెండు బహిష్టుల నడుమ 24 నుంచి 38 రోజులు ఉంటాయి. స్రావం 8 రోజులు మించినా, గంట గంటకూ గుడ్డ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా, నడుమ రోజులలో రక్తం కనిపించినా, ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా వైద్యులను సంప్రదించాలి. ఆయాసం, నీరసం ఉంటే రక్తహీనత పరీక్ష చేయించుకోవాలి.

అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల నివారణకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని 3 నెలలలో అమలుపరచాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కనుక ఆపరేషన్ అన్నప్పుడు "కారణమేమిటి? మందుతో తగ్గదా?" అని అడిగే హక్కు ప్రతి స్త్రీకీ ఉన్నది, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు. గోడమీది క్యాలెండరులో ప్రతి నెలా మొదటి రోజును, చివరి రోజును గుర్తుపెట్టుకుంటే చాలు. నమాజుకు ఉపకరించే ఆ లెక్కే వైద్యుని ముందు ఆమెకు సాక్ష్యమవుతుంది. తల్లులు తమ కుమార్తెలకు ఈ అలవాటును చిన్ననాడే నేర్పడం ఎంతైనా అవసరం.