బోరు దగ్గర ఆగిన చట్టం

అపోహ: ముప్పు ఎంత పెద్దదో తెలియకే ప్రభుత్వాలు వాతావరణ మార్పుపై కదలడం లేదు.

వాస్తవం: తెలియక కాదు. భూగర్భజలాల సంగతే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాన తక్కువ, జీవనది లేదు. టమాటా తోటలకు బోర్లే ఆధారం. వెయ్యి అడుగులు దింపినా తడి తగలని పొలాలున్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం తెచ్చి, కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసింది. అయినా కాయ పట్టిన తోట ఎండిపోతుంటే రైతు అప్పు చేసి రిగ్గు బండిని పిలిపిస్తాడు. రాత్రికి రాత్రే రాతిపిండి తెల్లగా లేస్తుంది. ఆపాల్సిన అధికారికి ఎండుతున్న తోట కళ్లెదుటే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత ఎండబోయే పక్క బోరు ఎవరికీ కనిపించదు.

అపోహ: వ్యవసాయానికి ఉచిత కరెంటు ఆపేస్తే సరిపోతుంది, నాయకులకు ధైర్యం చాలడం లేదంతే.

వాస్తవం: 2004 మేలో ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం పెట్టింది ఉచిత కరెంటు ఫైలు మీదే. తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని ఎత్తేయలేదు. అందులో న్యాయమూ ఉంది. కాలువ కింది రైతుకు ప్రభుత్వమే నీళ్లు తెచ్చి ఇస్తుంది. బోరు రైతు తవ్వకానికి, మోటారుకు, పైపులకు సొంత డబ్బు పోసుకుంటాడు. మళ్లీ అతని మీదే బిల్లు వేస్తే ఎలా? అలాగని ఉచితం వల్ల నష్టం లేదనీ కాదు. స్టార్టరుకు ఆటో స్విచ్ బిగించి ఉంటే కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది, తోటకు తడి కావాలో వద్దో చూసేవారుండరు. దేశంలో కరెంటు ఎక్కువగా వచ్చేది బొగ్గు నుంచే కాబట్టి ఆ వృథా వాతావరణాన్నీ వేడెక్కిస్తుంది.

అపోహ: కృష్ణా నీళ్లొచ్చాయి, ఇక చింత లేదు.

వాస్తవం: శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని తెచ్చే హంద్రీ-నీవా పథకం నీరు 2025 ఆగస్టులో కుప్పం చేరింది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన జనం సంబరపడటం సహజమే. కానీ శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కుప్పం, మదనపల్లె ఉన్నది రెండు వేల అడుగులకు పైన. ఆ నీటిని అంచెలంచెలుగా పంపులతో ఎత్తిపోయాలి. అంటే మళ్లీ కరెంటే.

అపోహ: ప్రభుత్వాలు అసలేమీ చేయవు.

వాస్తవం: ఎవరికీ నష్టం లేని చోట చకచకా చేస్తాయి. 2025 జనవరిలో కుప్పం నియోజకవర్గంలోని నడిమూరులో ఇళ్లపై సౌర ఫలకాల పథకం మొదలైంది. ఇంటి బిల్లు తగ్గుతుంటే కాదనేవారెవరు? డ్రిప్పు రాయితీ సంగతీ అంతే. ఎవరో ఒకరు ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చినప్పుడే అడుగు పడదు. వాతావరణంపై పారిస్ ఒప్పందం మొదలు పల్లె బోరు దాకా ఇదే వరస.

పంజాబ్ 2018లో ఒక దారి వెతికింది. రైతుకు ఇంత కరెంటని వాటా కట్టి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయల చొప్పున ఖాతాలో వేసే పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. ఇక్కడా అది సాధ్యమే. కాకపోతే ముందు మోటారుకు మీటరు ఉండాలి. ఈరోజు మీటరు పెడితే రేపు బిల్లు పంపుతారన్న భయం రైతుల్లో బలంగా ఉంది. ఉచితం ఆగదని చట్టంలోనే రాసిచ్చి, మిగిల్చినదానికి డబ్బు చేతికి అందిస్తే తప్ప ఆ భయం పోదు.