ముదిమి – చర్మము – ఎండ
తిరుపతి, చిత్తూరు సీమలలో ఎండకు కఱవు లేదు. అయినను, ప్రొద్దుటి నీరెండలో తిన్నెపై కూర్చుండు అవ్వకు, తాతకు ఎముకల పుష్టికి వలయు 'డి' విటమిను చాలునని మనము నిశ్చింతగా నుండరాదు. చర్మకణములు 7-డీహైడ్రోకొలెస్టరాల్ అను పదార్థమును తయారుచేయును; ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకి అదియే విటమినుగా మారును. ముదిమిలో ఆ ముడిసరకే తగ్గును. 1985లో మాక్‌లాఫ్లిన్, హాలిక్ అను శాస్త్రజ్ఞులు 77–82 ఏండ్లవారి చర్మమును 8–18 ఏండ్లవారి చర్మముతో పోల్చగా, ఉత్పత్తి సగమునకు తక్కువై యుండెను.

ఆ హాలిక్, మన హరినారాయణ్ ప్రభృతులు ఆ పదార్థమునే గాజుగొట్టములలో నుంచి తిరుపతి ఎండలో పరీక్షించిరి. పగలు 11 మొదలు 2 గంటల వరకు మార్పు మిక్కుటమని 2013లో ప్రకటించిరి. వృద్ధులు నీడపట్టున నుండు వేళ అదియే! మే నెలలో వారిని బయటికి రమ్మనుట క్రూరత్వము. మాత్ర అవసరమా, మోతాదెంత అనునది రక్తపరీక్ష చూచి వైద్యుడు చెప్పవలసినది.