టికెట్టు పక్కన పచ్చటి ఆకు

2027లో గోదావరి పుష్కరాలు, ఆ మరుసటి ఏడు కృష్ణా పుష్కరాలు. రాజమండ్రిలో ఒక మునక, విజయవాడలో ఒక మునక అని మన ప్రవాస తెలుగు సంఘంలో ఎన్నో కుటుంబాలు ఇప్పటి నుంచే సెలవులు లెక్కపెట్టుకుంటున్నాయి. విమానరంగానికి కూడా 2027 ముఖ్యమైన ఏడాదే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2016లో రూపొందించిన, విమానాల పొగకు పరిహారం కట్టించే ‘కోర్సియా’ పథకం ఆ ఏడాది నుంచి తప్పనిసరి దశలోకి వస్తుంది. భారతదేశం అందులో చేరేదీ అప్పుడే. అంతర్జాతీయ విమానాలకు పోసే ఇంధనంలో 2027 నుంచి ఒక శాతం, 2028 నుంచి రెండు శాతం సుస్థిర ఇంధనం కలపాలని ఢిల్లీ లక్ష్యం పెట్టుకుంది. 2024 నుంచి కేంద్ర పౌర విమానయాన శాఖను చూస్తున్న మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం బిడ్డ. అంతకుముందు 2014లో ఆ బాధ్యత తీసుకున్న అశోక్ గజపతిరాజు విజయనగరం వారు. దేశ విమానయానాన్ని నడిపే కుర్చీలో పదేళ్ల వ్యవధిలో ఇద్దరు ఉత్తరాంధ్రవాళ్లు కూర్చున్నారంటే మనకు సంతోషమే కదా.

విమాన ఇంధనం నాణ్యతను పరీక్షించే పనిలో ఉన్నాను కనుక ఈ సంచికకు ఈ విషయం రాయమని కమిటీ పెద్దలు అడిగారు. భూమి ఎందుకు వేడెక్కుతోందో మీకు చెప్పక్కర్లేదు. మనం ఎందుకు ఎగరాల్సి వస్తోందో అసలే చెప్పక్కర్లేదు. అమ్మానాన్నలు అక్కడ, పిల్లల చదువులు ఇక్కడ. ఎగరకుండా మనకు జరగదు. కాబట్టి పర్యావరణం పేరు చెప్పి మన దగ్గర వసూలు చేసే డబ్బు ఏమవుతోంది, నిజంగా ఫలితమిచ్చే పనులేవి అన్న రెండు విషయాలకే పరిమితమవుతాను.

ముందు లెక్క. ఒక కిలో విమాన ఇంధనం మండితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది కనుక ఇంధనం కన్నా పొగ బరువెక్కువ. హైదరాబాదు నుంచి షికాగో 13 వేల కిలోమీటర్లకు పైమాటే. ఎకానమీలో వెళ్లి వచ్చే ఒక్కరి వాటాకు సుమారు రెండు టన్నుల పొగ పడుతుంది. భారతదేశంలో ఒక మనిషి పేరున సగటున ఏడాది మొత్తానికి రాసే పొగ కూడా దాదాపు అంతే. ప్రపంచంలోని కార్బన్ డయాక్సైడ్‌లో విమానాల వాటా రెండున్నర శాతమేనని కంపెనీలు చెప్పుకునే మాట నిజమే. అయితే ఆ రెండున్నర శాతాన్నీ పంచుకుంటున్నది విమానం ఎక్కగలిగిన కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మనం ముందు వరుసలో ఉన్నాం.

పొగతో పాటు ఆకాశంలో విమానం వెనక సాగే తెల్లటి చారలూ ఉన్నాయి. బాగా ఎత్తున, చల్లగా తేమగా ఉన్న గాలిలో ఇవి మంచు మబ్బులై గంటల తరబడి నిలిచి, భూమి వేడిని బయటికి పోనివ్వవు. రాత్రిపూట వీటి ప్రభావం ఇంకా ఎక్కువ. 2023లో అమెరికన్ ఎయిర్‌లైన్స్, గూగుల్ కలిసి 70 ప్రయోగ ప్రయాణాల్లో విమానం ఎత్తును కాస్త మార్చి చూస్తే ఈ చారలు 54 శాతం తగ్గాయి. ఇది ప్రయాణికుడి చేతిలో ఉన్న పని కాదు. కానీ తక్కువ ఖర్చుతో, తొందరగా అయ్యే పని. నాకు దీని మీద చాలా ఆశ ఉంది.

ఇక నేను రోజూ చూసే ఇంధనం సంగతి. వాడేసిన వంటనూనె, జంతువుల కొవ్వు, పంట వ్యర్థాలు, చెరకు నుంచి తీసిన ఆల్కహాల్ వంటివాటితో తయారయ్యే సుస్థిర విమాన ఇంధనాన్ని మా రంగంలో ‘సాఫ్’ అంటాం. ప్రస్తుత నిబంధనల ప్రకారం దీన్ని మామూలు ఇంధనంలో 50 శాతం వరకు కలపవచ్చు. ఇంజిన్ మార్చక్కర్లేదు. పుట్టుక నుంచి మండేదాకా లెక్కేస్తే పొగ 80 శాతం వరకు తగ్గుతుంది. 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం ఒకటి జట్రోఫా నూనెతో చేసిన ఇంధనం కలుపుకుని ఎగిరింది. ఆ ఇంధనం డెహ్రాడూన్‌లోని మన పెట్రోలియం శాస్త్రవేత్తలే తయారుచేశారు. 2023 నవంబరులో వర్జిన్ అట్లాంటిక్ విమానం పూర్తిగా సాఫ్‌తోనే లండన్ నుంచి న్యూయార్క్ చేరింది. అంటే శాస్త్రం సిద్ధంగానే ఉంది. సరుకే లేదు. 2024లో ప్రపంచం వాడిన విమాన ఇంధనంలో సాఫ్ వాటా 0.3 శాతం మాత్రమే. ధర మామూలు దానికి రెండు రెట్ల నుంచి ఐదు రెట్లు.

వంటనూనె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. గారెలు, బజ్జీలు, పూరీలు వేయించగా మిగిలిన నూనె ఈ ఇంధనానికి మంచి ముడిసరుకు. భారత ఆహార భద్రతా సంస్థ 2018లోనే వాడిన నూనె సేకరణకు ‘రూకో’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన మహాసభల వంటశాలలో మూడు రోజులపాటు బాణళ్లు పొయ్యి దిగవు. ఆ నూనె కాలువలో పడకుండా, లైసెన్సున్న సేకరణ సంస్థకు చేరేలా కేటరింగ్ ఒప్పందంలో ఒక వాక్యం రాయిస్తే చాలు. అయితే వాడిన నూనె ఖరీదైన సరుకైపోయింది కనుక తాజా పామాయిల్‌నే వాడినదిగా చూపి అమ్ముతున్నారన్న అనుమానాలు ఐరోపాలో గట్టిగా వచ్చాయి. ఎక్కడి నూనె అన్న ప్రశ్న వేయకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకూడదని అందుకే అంటున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను. టికెట్టు కొనేటప్పుడు చివర్లో చిన్న పచ్చటి ఆకు బొమ్మ కనిపిస్తుంది. ఇంకొన్ని డాలర్లు కడితే మీ ప్రయాణం పొగకు పరిహారం (ఆఫ్‌సెట్) చెల్లినట్టేనంటుంది. దీన్నే పెద్ద ఎత్తున సంఘాలకూ అమ్ముతారు. మన మహాసభలను ‘కార్బన్ రహిత వేడుక’గా మారుస్తామని ఒక మధ్యవర్తి సంస్థ వచ్చింది. ప్రతినిధుల ప్రయాణాలన్నిటికీ కలిపి డబ్బు తీసుకుంది. బంగారు అంచుతో సర్టిఫికెట్ ఇచ్చింది. దాని మీద రాయలసీమ కొండల్లో తిరిగే గాలిమరల బొమ్మ. మన సీమకే మన డబ్బు పోతోందని అందరం ఉప్పొంగిపోయాం. సంచికలో అచ్చు వేసే ముందు ఒకసారి చూడమని దాన్ని నా దగ్గరికి పంపారు. చూస్తే క్రెడిట్ల వరుస సంఖ్యలు లేవు. అడగ్గా అడగ్గా వారాల తర్వాత కొన్ని సంఖ్యలు పంపారు. రిజిస్ట్రీలో వెతికితే ఆ క్రెడిట్లు మనకంటే ముందే మరో దేశపు కంపెనీ పేరున రద్దయిపోయి ఉన్నాయి. ఒకసారి అమ్మిన సరుకునే మళ్లీ మనకు అమ్మారు. సభ్యుల చందా డబ్బు తిరిగి రాలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు.

ఈ క్రెడిట్ల వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే ఇంకొకరు ఇలా మోసపోరు. ఒక క్రెడిట్ అంటే ఒక టన్ను పొగ తగ్గించామనే హామీ. వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ వంటి సంస్థల రిజిస్ట్రీలలో ప్రతి క్రెడిట్‌కూ ఒక వరుస సంఖ్య ఉంటుంది. వాటిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మీరు డబ్బు కట్టగానే ఆ సంఖ్య ‘రిటైర్డ్’ అని మారాలి. లబ్ధిదారు అన్నచోట మీ పేరో సంఘం పేరో ఉండాలి. అది లేకపోతే ఎంత అందమైన సర్టిఫికెట్ అయినా చిత్తు కాగితమే. తర్వాత ఏ సంవత్సరపు క్రెడిట్ అన్నది చూడండి. పదేళ్ల కిందటి పొగ లెక్కను ఇవాళ్టి ప్రయాణానికి అంటగడతారు. ఆ తర్వాత ఏ రకం ప్రాజెక్టు అన్నది. గాలిమరలు, సౌర విద్యుత్తు భారతదేశంలో ఇప్పుడు లాభసాటి వ్యాపారాలు. మన డబ్బు రాకపోయినా అవి తిరుగుతాయి. అందుకే వెర్రా 2020 నుంచి భారత్ వంటి దేశాల్లో గ్రిడ్‌కు కలిపే కొత్త విద్యుత్ ప్రాజెక్టులను చేర్చుకోవడం మానేసింది. రాయలసీమ గాలిమరలను చూసి గర్వపడదాం. వాటిని అడ్డుపెట్టుకుని అమ్మేవాళ్లకు మాత్రం డబ్బు ఇవ్వొద్దు. మొక్కలు నాటుతామనే వాళ్లనూ ఇదే ప్రశ్నలు అడగాలి. మన విమానం పొగ ఒక్క రోజులో గాలిలో కలుస్తుంది. మొక్క దాన్ని పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఈలోగా అగ్నిప్రమాదమో గొడ్డలో వస్తే ఆ లెక్క అక్కడితో ఆగిపోతుంది.

కోర్టులూ ఇదే మాట అంటున్నాయి. కేఎల్‌ఎం విమాన సంస్థ పచ్చదనం ప్రకటనలు తప్పుదోవ పట్టించేలా ఉన్నాయని 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు తీర్పు చెప్పింది. ఆఫ్‌సెట్లు కొన్నాం కనుక మా వస్తువు వాతావరణానికి హాని చేయదని చెప్పడాన్ని ఐరోపా యూనియన్ 2026 సెప్టెంబరు నుంచి నిషేధిస్తోంది.

ఆఫ్‌సెట్ల కన్నా సాఫ్ వాటా కొనడం నాకు మేలనిపిస్తుంది. మీరు డబ్బు కట్టిన సాఫ్ మీరు ఎక్కిన విమానంలోనే పోయరు. ఏదో ఒక విమానాశ్రయం ట్యాంకులో కలుస్తుంది. ఊరి చెరువులో మనం పోసిన బిందెడు నీళ్లలాంటిదే అది. ఎవరి కడవలోకి వెళ్లినా చెరువులో నీళ్లు పెరిగిన మాట నిజం. ఇక్కడ అడగాల్సినవి వేరు. ఎన్ని గ్యాలన్లు, ఏ ముడిసరుకు, పొగ ఎంత శాతం తగ్గింది, ఐఎస్‌సీసీ లేదా ఆర్‌ఎస్‌బీ ధ్రువీకరణ ఉందా, ఇదే గ్యాలను ఇంకెవరికీ అమ్మలేదని రాసిస్తారా? ఈ చివరి ప్రశ్నకు తడబడితే అక్కడితో మాట ఆపేయండి.

డబ్బు కట్టకుండా చేయగలిగినవే అన్నిటికన్నా పెద్దవి. బ్రిటన్ ప్రభుత్వం వాడే లెక్కలో దూరప్రయాణపు బిజినెస్ సీటు పొగ ఎకానమీకి దాదాపు మూడు రెట్లు. అది ఆక్రమించే స్థలమే కారణం. మోకాళ్ల నొప్పులతో వచ్చే అమ్మానాన్నలకు ఆ సీటు కొనండి, అందులో తప్పు లేదు. మన సరదాకు వద్దు. కొత్త తరం ఏ350, 787 విమానాలు అంతకుముందు తరం వాటికంటే 20 నుంచి 25 శాతం తక్కువ ఇంధనం తాగుతాయి. టికెట్టు మీద విమానం రకం రాసి ఉంటుంది, చూసి ఎంచుకోండి. హైదరాబాదు, షికాగోల మధ్య 2021లో మొదలైన నేరు విమానం నిలవలేదు కనుక మధ్యలో ఒకచోట ఆగక తప్పదు. గల్ఫ్ మీదుగా వెళ్తే దారి పెద్దగా పెరగదు. తూర్పు తీరం నుంచి హాంకాంగ్ మీదుగా చుట్టివస్తే వేల కిలోమీటర్లు అదనం. చవక టికెట్టు చాలాసార్లు అటే తిప్పుతుంది. పెట్టెలో ఆవకాయ, గోంగూర ఉన్నాయని మాత్రం బెంగ వద్దు. సీటు పొగ ముందు సామాను పొగ చాలా చిన్నది. అమ్మ పెట్టిన పచ్చళ్లు నిశ్చింతగా తెచ్చుకోండి.

ఈ అన్నిటికన్నా పెద్ద మార్పు, ఎన్నిసార్లు వెళ్తున్నాం అన్నదాంట్లో ఉంది. పెళ్లికి ఒక వారం, గృహప్రవేశానికి ఒక వారం అంటూ ఏటా రెండుసార్లు ఉరుకులు పెట్టే బదులు, ఒక వేసవి మొత్తం ఉండేలా ఒకే ప్రయాణం పెట్టుకుంటే పొగ సగమవుతుంది. ఆ మిగతా సగం కన్నా విలువైనది పిల్లలకు దక్కుతుంది. వారం రోజుల్లో మేనమామ పిల్లల పేర్లు కూడా నోటికి రావు. రెండు నెలలుంటే తాతయ్యతో తెలుగులో పోట్లాడతారు, నానమ్మ దగ్గర పద్యం ఒకటి నేర్చుకుంటారు. ఇంటి నుంచే పనిచేసే వీలున్న ఉద్యోగాలు మనవాళ్లలో ఎక్కువే. ఈ అవకాశాన్ని వాడుకోవాలి. హైదరాబాదులో దిగాక విశాఖకు మళ్లీ విమానం ఎందుకు? సికింద్రాబాద్ నుంచి విశాఖకు 2023 సంక్రాంతి నాడు మొదలైన వందేభారత్ రైలు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. దారిలో రాజమండ్రి దగ్గర గోదావరి దాటుతుంది. పిల్లలకు ఆ నదిని చూపించడానికి అంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. వచ్చే మహాసభల బడ్జెట్లో పచ్చదనం పేరిట ఒక్క డాలరు కేటాయించినా, సంఘం పేరున రద్దయిన క్రెడిట్ల వరుస సంఖ్యలనో సాఫ్ గ్యాలన్ల ధ్రువపత్రాన్నో సంచిక ఆఖరి పేజీలో అచ్చు వేయండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా చెక్కు మీద సంతకం పెట్టకండి.