తాత జీపు.. టైర్ల పేచీ

జయపురం (ఒడిశా): ఆ తెలుగింట జీపు మూడు తరాలది. తాత కొన్నది పెట్రోలు బండి. కొరాపుట్ ఘాట్ రోడ్డు ఎక్కితే చమురు తెగ తాగేది. తండ్రి అనుమతి తీసుకుని డీజిల్ ఇంజను పెట్టించి, సీ బుక్కులో రాయించాడు. ఇంజను బరువుకు ముందు కమాను కట్టల్లో ఒక్కో పట్టీ చేర్చాడు. వానల్లో బురద దారి దిగాలంటే బ్రేకును నమ్ముకోకూడదట, చిన్న గేరే బండిని పట్టి ఆపుతుంది.

కొడుకు వచ్చి వెడల్పు టైర్లు, ఇనుప బంపరు తగిలించాడు. సోకే అనుకోండి! కంపెనీ ఇచ్చిన రూపం మారిస్తే రిజిస్ట్రేషన్ కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. అనుమతి ఉన్న ఇంజనుకు చిక్కు లేదు. రెన్యువల్ దగ్గరపడటంతో బంపరు విప్పేశారు. ‘‘టైర్లు కూడా తీసేస్తే దీన్నెవరు చూస్తారు నాన్నా?’’ అంటాడు కొడుకు. పాత టైర్లు తండ్రి అటక మీంచి దింపి ఉంచాడు.