చెవి మిషను ఎందుకు కూస్తుంది?

ప్రశ్న: మా తాత చెవి మిషను గుప్పిట్లో పెట్టుకుంటే కుయ్యిమని కూస్తుంది. చెవికి పెట్టుకున్నాక కూడా అప్పుడప్పుడు కూస్తుంది. అది చెడిపోయిందా?
– ఉదయగిరి నుంచి ఒక చిన్నారి

చెడిపోలేదమ్మా. గుప్పిట్లో కూసిందంటే సెల్లులో ఇంకా బలముంది, మిషను పనిచేస్తోంది అని అర్థం. చెవికి పెట్టుకున్నాక కూడా కూస్తే మాత్రం ఎందుకో చూడాలి. దానికి ముందు మిషను ఎలా పనిచేస్తుందో తెలియాలి.

శ్రీరామనవమి పందిట్లో మైకు పట్టుకున్నాయన మాట్లాడుతూ లౌడ్‌స్పీకరు ముందుకు వచ్చాడంటే చెవులు చిల్లులు పడేలా కూత వస్తుంది, విన్నావు కదా. మైకులో పడిన శబ్దం పెద్దదై స్పీకరులోంచి బయటికొస్తుంది. అదే మళ్లీ మైకులో పడి ఇంకా పెద్దదవుతుంది. ఇలా తిరుగుతూనే ఉంటే కూత పుడుతుంది. తాత చెవి వెనక ఉన్న మిషనులోనూ అవే భాగాలున్నాయి: మైక్రోఫోను, యాంప్లిఫయరు (శబ్దాన్ని పెంచేది), రిసీవరు (పెంచిన శబ్దాన్ని చెవిలోకి పంపే బుల్లి స్పీకరు). వీటి మధ్య వేలెడు దూరం కూడా లేదు. అయినా ఎప్పుడూ ఎందుకు కూయదంటే, చెవిలో దూర్చే అచ్చు, అదే ఇయర్‌మౌల్డు, చెవి రంధ్రాన్ని మూసేసి పెరిగిన శబ్దాన్ని బయటికి రానివ్వదు. అంటే చెవిలో ఉండగా కూసిందంటే శబ్దం ఎక్కడో తప్పించుకుని బయటికొస్తోందన్నమాట.

అచ్చు సరిగా కూర్చోకపోతే అలా వస్తుంది. మనిషి చిక్కిపోయినా, అచ్చు పాతబడి గట్టిపడినా వదులవుతుంది. పిల్లల చెవులు పెరుగుతుంటాయి కాబట్టి వాళ్లకు అచ్చు తరచూ మార్చాల్సి వస్తుంది. మిషనుకూ అచ్చుకూ మధ్యనున్న గొట్టానికి పగులు వచ్చినా అంతే. ఇక చెవిలో గుబిలి గట్టిపడి అడ్డంగా ఉంటే లోపలికెళ్లిన శబ్దం దానికి తగిలి వెనక్కి వస్తుంది. గుబిలిని పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో తీయకూడదు. అది ఇంకా లోపలికి పోతుంది, కర్ణభేరికి దెబ్బ తగలవచ్చు. డాక్టరుతోనే తీయించాలి.

కూత ఆపడానికి చాలామంది శబ్దం తగ్గిస్తారు. కూత ఆగుతుంది కానీ మాట కూడా వినపడదు. 'ఈ మిషను పనికిరాదు' అని బీరువాలో పడేస్తారు. అచ్చు మార్చితే సరిపోయే చోట మనిషి ఏళ్ల తరబడి ఇంట్లో వాళ్ల మాటకు దూరమవుతున్నాడే అని నాకు చాలా బాధ.

ఉదయగిరి, ఆత్మకూరు ఎండల్లో మిషనుకు మరో చిక్కు చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది, అది లోపలి లోహపు ముక్కలను తినేస్తుంది. మైకు రంధ్రం సూదిమొనంత ఉంటుంది కాబట్టి తలనూనె, పౌడరు, దుమ్ము ఇట్టే పూడ్చేస్తాయి. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్లలో చెక్కను నున్నగా రుద్దేటప్పుడు లేచే పొడి కూడా అంతే. అందుకని తల దువ్వి, నూనె రాసుకున్నాకే మిషను పెట్టుకోవాలి. స్నానానికి ముందు తీసేయాలి. రాత్రి పొడిగుడ్డతో తుడిచి, సెల్లు మూత తెరిచి ఉంచితే లోపలి తేమ ఆరుతుంది. అచ్చును మాత్రం విడదీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, గొట్టంలో నీటిబొట్టు లేకుండా ఆరబెట్టి తగిలించాలి. మిషనుకు నీళ్లు తగలకూడదు. తడిసిందని ఎండలో పెట్టడం, పొయ్యి దగ్గర పెట్టడం చేయకండి. సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచితే చాలు. నవంబరు వానల్లో ఈ డబ్బా బాగా పనికొస్తుంది. అందులో పెట్టేటప్పుడు సెల్లు బయటికి తీయాలి, లేకపోతే అది కూడా ఎండిపోతుంది.

సెల్లు ఎందుకు ఎండిపోతుంది? అది గాలి పీల్చే సెల్లు. జింకు గాలిలోని ఆక్సిజనుతో కలిస్తేనే అందులో కరెంటు పుడుతుంది. అందుకే పైన రంగు స్టిక్కరు అంటించి గాలి రంధ్రాలు మూసి ఉంచుతారు. 10 నంబరుకు పసుపు, 312కు గోధుమ, 13కు నారింజ, 675కు నీలం. స్టిక్కరు ఊడదీశాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి వేస్తే పూర్తి బలం వస్తుంది. ఒకసారి ఊడదీశాక వాడకపోయినా బలం తగ్గిపోతూనే ఉంటుంది, తిరిగి అంటించినా పెద్దగా లాభం లేదు. మన మెట్ట ప్రాంతపు పొడిగాలికి రంధ్రాల్లోంచి సెల్లులోని నీరు ఇంకా త్వరగా ఆవిరవుతుంది. కాబట్టి అవసరమైనప్పుడే ఒక్కొక్కటి తెరవాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట, అమ్మానాన్నలకు చదివి వినిపించు. 312 సెల్లు వెడల్పు 8 మిల్లీమీటర్ల లోపే. పసిపిల్లలకు మాత్రలా, బిళ్లలా కనిపిస్తుంది. మింగితే, అది ఆహారనాళంలో ఇరుక్కున్న చోట తడి తగిలి కరెంటు ప్రవహిస్తుంది, క్షారం పుట్టి గోడను కాల్చేస్తుంది. ఈ కాలడం 2 గంటల్లోనే మొదలవ్వచ్చు. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ప్రమాదమే. వాంతి చేయించకండి. చెవిలో, ముక్కులో చుక్కలు వేయకండి. 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించాలి. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు, కాబట్టి 'దానంతటదే పడిపోతుందిలే' అని తెల్లవారేదాకా ఆగకూడదు. వాడిన సెల్లును కూడా పారేసేదాకా పిల్లలకు అందని డబ్బాలో వేయండి.

'మిషను పెట్టుకున్నా వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు' అని తాత అంటూ ఉండవచ్చు. వయసు మీదపడ్డప్పుడు సాధారణంగా సన్నని, పైస్థాయి ధ్వనుల వినికిడి ముందు పోతుంది. ఆ, ఊ లాంటి అచ్చులు వినపడతాయి. క, త, ప, స లాంటి హల్లులు జారిపోతాయి. 'పాలు' అన్నా, 'కాలు' అన్నా ఒకేలా ఉంటుంది. ఏ ధ్వని ఎంత తగ్గిందో ఆడియోగ్రాము (వినికిడి పరీక్ష గీత)లో తెలుస్తుంది, దాన్నిబట్టే మిషనును సరిచేస్తారు. అందుకే ఒకరి మిషను ఇంకొకరు పెట్టుకోకూడదు. ఎక్కువ శబ్దం మిగిలిన వినికిడిని దెబ్బతీయవచ్చు. కొత్తలో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరు చికాకు పెడతాయి. ఏళ్లుగా వాటిని మరిచిన మెదడు మళ్లీ అలవాటు పడాలి మరి. మొదట ఇంట్లో రోజుకు ఒకటి రెండు గంటలు పెట్టుకుని, మెల్లగా పెంచుకోవాలి.

కొత్త మిషను కొనే స్థోమత లేకపోతే 1981లో కేంద్రం మొదలుపెట్టిన ఏడీఐపీ పథకం ఉంది. కాన్పూరులోని అలింకో సంస్థ తయారుచేసే పరికరాలు శిబిరాల్లో ఇస్తారు. అందుకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్ కావాలి. తాతను తీసుకెళ్లేటప్పుడు పాత ఆడియోగ్రాము, ఇప్పుడున్న అచ్చు కూడా సంచిలో పెట్టండి. మిషను ఇచ్చిన రోజే సెల్లు మార్చడం, అచ్చు విడదీయడం తాత చేతనే ఒకసారి చేయించి చూడండి.